రోము రాజుకు మా ఇంటి మీసం

పుంగనూరు నుంచి కుప్పం దాకా ఏ ఊరికైనా పోండి, ఎవరింట్లో అయినా దేవుని గూటి ముందు నిలబడి పెద్దల బిళ్ళల్ని చూడండి. మగవాళ్ళ బిళ్ళ అయితే పక్కకు తిరిగిన మొగం, నుదుటి నుంచి తిన్నగా దిగిన ముక్కు, ఎద్దు మెడలాంటి మెడ, తల చుట్టూ ఆకులు అల్లినట్టు ఒక పట్టీ ఉంటాయి. ఆ ముక్కు కనబడిందంటే అది మా అంగట్లో చేసిందే. నేను పెళ్ళికి పోయినా చావుకు పోయినా ముందు గూటి వైపే చూస్తాను. కనబడగానే పక్కనున్న వాళ్ళను మోచేత్తో పొడిచి "ఇది మాదే" అని చెప్తాను. చావు ఇంట్లో అట్లా చెప్పకూడదని మా అమ్మ గిల్లుతుంది. అయినా నా నోరు ఊరుకోదు.

మా వైపు ఇంట్లో పెద్దవాళ్ళు పోయాక, వాళ్ళ పేరు మీద పలచటి వెండి రేకుతో ఒక బొమ్మ చేయించి గూట్లో పెట్టుకుంటారు. పెద్దల అమావాస్య వచ్చిందంటే దాన్ని కడిగి, పసుపు కుంకుమ పెట్టి, ఆ మనిషి బతికి ఉన్నప్పుడు ఏది ఇష్టంగా తిన్నాడో అదే ముందర పెడతారు. సంగటి తినేవాడికి సంగటి, బీడీ తాగేవాడికి బీడీ. మా ఇంట్లో ఈ బిళ్ళ చేయడాన్ని "లేపడం" అంటారు. "ఈరోజు ఎవరిని లేపుతున్నావు?" అని మా అమ్మ నాన్నను అడిగితే, కొత్తగా విన్నవాళ్ళు బెదిరిపోతారు.

మాది చిన్న అంగడి. ముందర గదిలో కుంపటి, వెనక గదుల్లో మేము. పదో తరగతిలో లెక్కలు తప్పాక నేను ఆ కుంపటి ముందే కూర్చున్నాను. గజ్జెలు అతకడం, పట్టీలకు మెరుగు పెట్టడం, పూలు కొట్టడం, అన్నీ వచ్చు. పెద్దల బిళ్ళ పనిలో మాత్రం మా ఇంటి ఆడవాళ్ళకు ఒక హద్దు ఉండేది. రేకు కాల్చి మెత్తబరచవచ్చు, చివర్లో కుంకుడు రసంతో కడగవచ్చు. మొగం పని మాత్రం మగవాళ్ళదే.

పని ఎట్లా జరుగుతుందంటే, అచ్చు మీద రేకు పరిచి, పైన సీసం ముద్ద పెట్టి, దాని మీద సుత్తితో కొడతారు. సీసం మెత్తన కాబట్టి రేకును నొక్కుకుంటూ పోయి అచ్చులో ఉన్న ప్రతి మిట్టనూ పట్టిస్తుంది. రేకు ఎత్తితే మనిషి వచ్చేస్తాడు. ఆ తరువాత నాన్న సన్న ఉలితో మీసం దిద్దుతాడు. కొందరికి మెలేసిన మీసం, కొందరికి కిందికి వాలిన మీసం, ఒకాయనకు పొగాకు నమిలి నమిలి ఒక పక్క మాత్రమే మిగిలిన మీసం. వచ్చినవాళ్ళను నాన్న మొదట అడిగేది ఆ ఒక్క మాటే: "మీసం ఎట్లుండె?"

ఇక ఆ అచ్చు సంగతి. అచ్చులు ఎక్కడైనా కంచుతోనో ఇనుముతోనో ఉంటాయి. మాది వెండిది. నిమ్మకాయను అడ్డంగా కోస్తే ఎంత ఉంటుందో అంత వెడల్పు, అరచేతిలో పెట్టుకుంటే చెయ్యి కొంచెం కిందికి దిగేంత బరువు. కరిగించడానికి వచ్చిన పాత వెండిలో మా తాతకు కనబడిందట. కుంపట్లో వేయడానికి చెయ్యి రాక, దానికి సరితూగే వెండి వేరే ఇచ్చి తను పెట్టుకున్నాడట. ఒక వైపు ఆ ముక్కు మనిషి. రెండో వైపు నిలబడిన ఆడామె, ఒక చేతిలో తక్కెడ, ఇంకో చేతిలో పండ్లు నిండిన కొమ్ము. ఆడవాళ్ళ బిళ్ళలన్నీ ఆ వైపు నుంచే. గొర్రెలు మేపుకునేవాళ్ళు ఆ కొమ్మును చూసి "మా అవ్వే!" అని మురిసిపోయేవాళ్ళు, పొట్టేలు కొమ్మనుకుని. అంగళ్ళు నడిపేవాళ్ళు తక్కెడను చూసి మురిసిపోయేవాళ్ళు. చుట్టూ ఏవో అక్షరాలు ఉండేవి. ఎవరికీ రావు కాబట్టి అంచుతో పాటు కత్తిరించి పడేసేవాళ్ళం.

మొన్న పెద్దల అమావాస్య ముందర శాంతిపురం పక్క పల్లె నుంచి ఒక కోడలు నాన్నకు ఫోన్ చేసింది. గొర్రెల మంద ఉన్న ఇల్లు. వాళ్ళ మామ ఎండాకాలంలో పోయాడు, అమావాస్యలోపు బిళ్ళ కావాలంది. ఆ ఇంటికి మా తాత కాలం నుంచీ మేమే లేపుతున్నాం. నాన్న సరేనన్నాడు.

అప్పుడు వచ్చిన రేకు దళసరిగా ఉండి అచ్చు సరిగ్గా పట్టడం లేదు. పలచగా లాగించుకు రమ్మని నాన్న నన్ను మదనపల్లె పంపాడు. అచ్చు మీద పెట్టి చూసుకుంటే సరిపోతుంది కదా అని దాన్ని కూడా గుడ్డలో చుట్టి సంచిలో వేసుకున్నాను. ఆ రేకు లాగే మిషన్ అంగట్లో ఒక కాలేజీ సారు కూర్చుని ఉంటాడు. ఉద్యోగం అయిపోయినాయన. కరిగించడానికి వచ్చే పాత వెండిలో నాణేలు ఏమన్నా ఉన్నాయేమోనని చూసుకుంటూ ఉంటాడు. నేను గుడ్డ విప్పగానే ఆయన చేతిలోని టీ గ్లాసు పక్కన పెట్టేశాడు.

"ఏందమ్మా ఇది?"

"మా అచ్చు సార్."

"అచ్చా?"

"అవును సార్. దీని మీద రేకు పెట్టి సుత్తితో కొడతాము."

ఆయన నన్ను చూసిన చూపు! ఆయన మనవణ్ణి సుత్తితో కొడతామని చెప్పినట్టు చూశాడు. తరువాత దాన్ని రెండు చేతులతో తీసుకుని, జేబులోంచి భూతద్దం తీసి, అంచు అక్షరాలను ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాడు. నాకు భయమేసింది, దొంగ సొత్తేమోనని.

"ఇది ఖర్చు పెట్టుకునే నాణెం కాదమ్మా," అన్నాడు చివరికి. "రోము దేశపు రాజు ఏదైనా గొప్ప పని జరిగినప్పుడు దాని గుర్తుగా కొట్టించి, తనకు కావలసిన వాళ్ళకు చేతికిచ్చే బిళ్ళ. కంచువి దొరుకుతాయి. వెండివి చాలా అరుదు. మన మిరియాలకు, మన బట్టలకు వాళ్ళ నాణేలు ఈ దేశానికి ఎన్నో వచ్చినాయి గానీ, ఇట్లాంటిది ఈ పక్క నేను చూడలేదు, వినలేదు."

రాజు పేరు కూడా చెప్పాడు. నాకు నోరు తిరగలేదు.

"ఈ అమ్మ ఎవరు సార్?" అని వెనక వైపు తిప్పి చూపించాను.

"వాళ్ళ టంకశాలకు దేవత. వెండీ బంగారం కరిగించి ముద్ర కొట్టే చోట ఉంటుంది. అందుకే ఆ తక్కెడ."

అంటే వెండి కొట్టేవాళ్ళ దేవత! వెండి కొట్టేవాళ్ళ ఇంట్లోనే ఇన్నాళ్ళూ ఉంది, మాకే తెలియదు. నాకు ఒళ్ళు పొంగిపోయింది. సారు ఫోనులో ఫోటోలు తీసుకుని, "మీ తాత దీన్ని కరిగించకుండా ఆగినాడు చూడు, ఆ చేతికి దండం పెట్టాలి" అన్నాడు. ఇంక సుత్తి దెబ్బ వద్దని, దీన్ని చూసి ఒక కంచు అచ్చు పోయించుకోమని బతిమాలినట్టు చెప్పాడు. తరువాత మేము అట్లాగే చేశాం. ఆయన ఇప్పుడు అప్పుడప్పుడు పుంగనూరు వచ్చి, ఆ రోము బిళ్ళను ఒకసారి చేతిలో పెట్టుకుని, కాఫీ తాగి పోతుంటాడు.

ఆ రోజు బస్సులో టమాటా బుట్టల మధ్య కూర్చుని, పక్కసీటు ఆమెకు మొత్తం కథ చెప్పేశాను. ఆమె దిగే ఊరు దాటి పోయింది కూడా. ఇంటికి వచ్చీ రాగానే అంగట్లోకి పరిగెత్తాను.

"నాయనా! మన అచ్చులో ఉండేది ఎవురనుకుంటాండావు? రోము రాజంట!"

నాన్న కుంపటి ఊదుతున్నాడు. ఊదడం ఆగిపోయింది. నేను చెప్పిందంతా విన్నాడు. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"అయితే ఇన్నాళ్ళు నేను జనాలకు ఇచ్చింది ఎవుర్నిమే?"

"ఎవుర్నేమి నాయనా, రాజును! సామాన్యమా?"

"వాళ్ళ నాయన అని సెప్పి, యాడిదో రాజును ఇచ్చినాను. వాళ్ళు ఆయన ముందర సంగటి పెట్టి మొక్కుతాండారు. ఇది మోసం కాదా?"

మా అమ్మ వెనక గదిలోంచి అరిచింది. "తెలిసి సేసినావా ఏమి?"

"తెలవక సేసినా ఆ రేకు గూట్లోనే కదా ఉండాది," అన్నాడు నాన్న.

అచ్చును గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టేశాడు. ఇంక ఎవరినీ లేపనన్నాడు. ఆ కోడలికి ఫోన్ చేసి, వేరే ఆచారిని చూసుకోమన్నాడు, కారణం చెప్పకుండా. అప్పటిదాకా ఎగిరెగిరి పడిన నేను గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. మా తాత నుంచి వచ్చిన పని. నా నోటితో నేను తెచ్చిన వార్తతోనే ఆగిపోయేట్టుంది. అమావాస్యకు ఆ ఇంటి గూట్లో ఒక మనిషి తక్కువ పడేట్టున్నాడు.

కాసేపటికే ఫోన్ మోగింది. ఈసారి కోడలు కాదు, అత్త. పోయినాయన భార్య. స్పీకర్ పెట్టకుండానే గదంతా వినబడింది.

"ఏమప్పా ఆచారీ! మా మామను లేపినావు, మా చిన్న మామను లేపినావు, ఇప్పుడు ఆపేదానికి నా మొగుడే దొరికినాడా నీకు?"

"అట్ల కాదక్కా..."

"ఎట్ల కాదు? ఏమి తప్పు సేసినాడు ఆయన? నీ అంగట్లో గొర్రె ఏమన్నా దూరిందా?"

"ఫోనులో సెప్పే మాట కాదక్కా."

"అయితే ఇంటికొచ్చి సెప్పు!" అని పెట్టేసింది.

పోకపోతే మాట పోతుంది, పోయి చెప్తే పరువు పోతుంది. నాన్న బాధ అది. ఆమె ఒక్కతె "మోసం" అందంటే చాలు, కుప్పం సంతలో అందరికీ తెలుస్తుంది. అయినా మరుసటి పొద్దున చొక్కా వేసుకున్నాడు. అచ్చును ఆమెకు చూపించి, ఉన్నది ఉన్నట్టు చెప్పి వచ్చేస్తానన్నాడు. కళ్ళకు ఆపరేషన్ అయినప్పటి నుంచీ ఆయన్ను ఒక్కణ్ణే బస్సు ఎక్కించం. నేను తోడు బయలుదేరాను. సంచిలో పలచటి రేకు, లక్క, సన్న ఉలులు కూడా వేసుకున్నాను.

"అవన్నీ యాలమే?"

"ఊరికే. సంచి బరువుగా ఉంటే గాలికి ఎగరదు."

పలమనేరు మీదుగా పోయి శాంతిపురంలో దిగి, ఆటోలో ఆ పల్లెకు చేరాం. ఇంటి ముందర గొర్రెల దొడ్డి, పక్కనే అరుగు. ఆమె అరుగు మీద కూర్చుని ఉంది, సన్నగా, నిటారుగా. నాన్న అరుగు ఎక్కలేదు. కిందే నిలబడి, చెప్పులు విడిచి, అంతా చెప్పేశాడు. అచ్చు చేతిలో పెట్టి, "ఇదక్కా మీ ఇంటి పెద్దల మొగం. మీ వాళ్ళది కాదు. రోము దేశం రాజుది. మా తాతకూ తెల్దు, మా నాయనకూ తెల్దు, నాకూ నిన్ననే తెలిసింది. మన్నించాల" అన్నాడు.

ఆమె అచ్చును ఇటూ అటూ తిప్పి చూసింది. ఇంట్లోకి కేకేసింది: "మే! ఆ పెద్దల బుట్ట తే!"

కోడలు వెదురుబుట్ట తెచ్చింది. ఆమె అందులోని బిళ్ళల్ని ఒక్కొక్కటే తీసి చాటలో వరసగా పేర్చింది. నాకు నవ్వాగలేదు. అన్నింటికీ అదే ముక్కు.

"ఏమప్పా, మేము కండ్లు లేనోళ్ళమనుకున్నావా?" అంది. "ఈయన మా మామ. ఈయన మా మామ వాళ్ళ నాయన. ఈ మెలేసిన మీసమోడు మా చిన్న మామ. అందరికీ ఒకటే ముక్కు. మా మామది సప్పిడి ముక్కు, బజ్జీ మాదిరి! నీకు తెల్దేమో గానీ, ఆయనకు అన్నం పెట్టిన దానికి నాకు తెల్దా?"

"మరి ఎన్నడూ అడగలేదే అక్కా?"

"ఏమి అడిగేది? అచ్చు అంటే అచ్చే. మొగం అచ్చుది, మీసం మనిషిది. మేము మీసం సూసి మొక్కుతాము."

"రాజంటక్కా ఆయన."

"రాజయితే ఏమి? ఇన్నేండ్లుగా మా సంగటి తినుకుంటా మా గూట్లో పడి ఉండాడు. ఒక్క దినమన్నా కూర బాగలేదన్నాడా? మా మామకన్నా ఆయనే మేలు!"

కోడలు కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. గోడ మీద గడ్డం ఆనించి ఇదంతా చూస్తున్న పక్కింటామె కూడా నవ్వింది. నాన్న మాత్రం అప్పుడు అరుగు మీద కూర్చున్నాడు. మొగంలోకి రక్తం తిరిగి వచ్చింది.

"సరేక్కా. అయితే సెప్పు. మీ ఆయన మీసం ఎట్లుండె?"

"ల్యా."

"ఏమి ల్యా?"

"మీసం ల్యా. పెట్టుకోలేదు ఎప్పుడూ. మేక పొదుగు కాడ నోరు పెట్టి పాలు తాగే మనిషి. మీసం ఉంటే అంటుకుంటాదని గొరిగించుకునేవాడు."

నాన్న అచ్చును చేతిలోకి తీసుకుని చూస్తూ ఉండిపోయాడు. "అయితే కాదక్కా," అన్నాడు మెల్లగా. "మీసం లేకపోతే వీడు ఉత్త రోమోడే. అట్ల నేను ఇయ్యను."

మొదటిసారి ఆ పెద్దావిడ ముఖం వాడింది. చాటలో బిళ్ళల పక్కన ఖాళీగా ఉన్న చోటును చేత్తో తడిమింది. నా నోరు ఊరుకోదని చెప్పాను కదా.

"అవ్వా, తాతను దూరం నుంచి ఎట్ల గుర్తుపట్టేదానివి?"

"గుర్తుపట్టేది ఏముంది? కంబళి. ఎండ గానీ వాన గానీ కంబళిని కొప్పుగా మడిచి నెత్తిన వేసుకునేవాడు. ఆ కొప్పు కొన ఎనక్కి వాలి ఉంటాది. గుట్ట మీద ఆ కొన కనబడిందంటే, నేను ఈడ సంగటి కెలికేదాన్ని. ఆయన వచ్చేతలికి సరిగ్గా ముద్ద అయ్యేది."

నేను నాన్నను చూశాను. నాన్న నన్ను చూశాడు. మీసానికి బదులు కంబళి దిద్దవచ్చు, కానీ మీసాలు తప్ప మా ఇంట్లో ఎవరూ ఏదీ దిద్దలేదు.

"నా కండ్లకు అంత సన్న పని కాదక్కా ఇప్పుడు," అన్నాడు నాన్న.

"ఆ పాప లేదా?"

"మొగం పని మా ఇంట్లో ఆడోళ్ళు సేసేది లేదు."

"యాల?" అని ఆమె అరుగు మీద లేచి నిలబడింది. "బతికినన్నాళ్ళు ఆయన తలకు నూనె పెట్టింది ఎవురు? జరమొస్తే ఆయన మొగం తుడిసింది ఎవురు? నేనే కదా! అప్పుడు పనికొచ్చిన ఆడదాని సెయ్యి ఇప్పుడు పనికి రాదా? రేకుకు తెలుస్తాదా ఎవురు కొడతాండారో?"

నాన్న నా భుజం మీది సంచి తీసుకుని, తనే విప్పి, ఉలులు ఒక్కొక్కటిగా తీసి తన పంచెతో తుడిచి నా ముందు పెట్టాడు. "బరువుకు తెచ్చినావా?" అన్నాడు. అంతే.

సుత్తి ముట్టలేదు నేను. సారు మాట గుర్తుంది. పలచటి రేకును అచ్చు మీద పరిచి, కొయ్య పుల్లతో నెమ్మదిగా రుద్దాను. నుదురు వచ్చింది, ముక్కు వచ్చింది, పెదవి వచ్చింది. అచ్చు నుంచి ఎత్తి, కోడలి పొయ్యి మీద లక్క కరిగించి వెనక నింపాను, ఉలి దెబ్బకు నలగకుండా. ఆరనిచ్చి, తల చుట్టూ ఉన్న ఆకుల పట్టీ మీద కొప్పు గీత మొదలుపెట్టాను. నాన్న ఊపిరి నా చెవి పక్కనే వినబడుతోంది.

మొదటి గీతలు అయ్యాక చూపించాను. ఆమె చూసి గట్టిగా నవ్వేసింది.

"ఏందమ్మా ఇది! మా ఆయన కాదు, ముసుగేసుకున్న పెండ్లికూతురు!"

పక్కింటామె గోడ మీంచి అంది, "సిగ్గు పడతాండాడు తాత!"

నిజమే. నున్నగా ఉంది, చీర కొంగులాగా. కంబళి గరుకుగా ఉండాలి కదా. ముల్లులాంటి సన్న ఉలి తీసుకుని నిలువునా అడ్డంగా చిన్న చిన్న గాట్లు పెట్టుకుంటూ పోయాను, ఉన్ని నేత వచ్చేదాకా. కొనను వెనక్కి వాల్చాను. "ఇంకొంచెం," అంది ఆమె. వాల్చాను. "ఇంకొంచెం. గాలి కొట్టినట్టు." వాల్చాను. "ఆ! సాలు." ఆకుల పట్టీ మొత్తం కంబళి కిందికి పోయింది. రాజు ఎటు పోయాడో పోయాడు. గుట్ట దిగి వస్తున్న ఒక గొర్రెల కాపరి మిగిలాడు.

ఇంత గర్వంగా నా జీవితంలో నేను ఎప్పుడూ లేను. పదో తరగతి పాసై ఉన్నా ఇంత ఉండేది కాదు. ఇది చదివే వాళ్ళు దిష్టి పెట్టినా పరవాలేదు, చెప్తున్నాను.

లక్క తీసేసి, కడిగి, ఆమె చేతిలో పెట్టాను. ఆమె చాలాసేపు చూసింది. మేము ఏడుస్తుందేమో అనుకున్నాం. ఆమె బిళ్ళకు వేలు చూపించి తిట్టింది.

"ఊరూరూ మందెనక తిరిగితివి. నీకు ఇల్లంటూ ఉండాదని ఎన్నడన్నా గుర్తొచ్చిందా? ఇంక గమ్మున ఈడ కూర్చో!"

అని చాటలో ఖాళీగా ఉన్న చోట పెట్టి, పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకుంది. కోడలు మా ఇద్దరికీ సంగటి, ఊరుబిండి పచ్చడి తెచ్చింది. నాన్న కాళ్ళు మడుచుకుని తృప్తిగా తిన్నాడు. ముందురోజు ఆ వార్త విన్న తరువాత ఆయన కడుపునిండా తినడం అప్పుడే చూశాను.

చెయ్యి కడుగుతుండగా గోడ మీది పక్కింటామె పిలిచింది. "ఆచారప్పా, మా అత్త పోయి శానా దినాలయింది. ఆమెకు బిళ్ళ సేపియ్యలేదని మా ఆయన ఊరికే సణుగుతాంటాడు. ఒకటి సేస్తారా?"

నాన్న తువ్వాలుతో చెయ్యి తుడుచుకుని, గోడ దగ్గరకు పోయి నిలబడ్డాడు.

"ముందే సెప్తాండానమ్మా. మా అచ్చులో ఉండేది మీ అత్త కాదు. రోము దేశం దేవత."

"మా అత్త కూడా దేవతేలే అప్పా. బతికుండంగా నేనే ఒప్పుకోలా."

అందరూ నవ్వారు, నాన్న కూడా. నాన్న నవ్వి చాలా రోజులైనట్టు అనిపించింది. జేబులోంచి కళ్ళద్దాలు తీసి తుడిచాడు, పెట్టుకోకుండానే మళ్ళీ జేబులో వేసుకున్నాడు.

"మొగం ఎట్లుండాలో మా పాపకు సెప్పు," అన్నాడు.

ఆమె గోడ చుట్టూ తిరిగి వచ్చి, నా ఎదురుగా అరుగు మీద కూర్చుని, వాళ్ళ అత్త గురించి మొదలుపెట్టింది.